రొయ్యల గుంట లెక్కల నుంచి లగ్నపత్రిక డిజైన్ల దాకా: మీ ఫైళ్ళను సొంత వెబ్‌సైటులో అమ్ముకోవడం ఎలా

పెళ్ళిళ్ళ సీజన్‌లో కావలిలోనో కందుకూరులోనో ఏదైనా డీటీపీ సెంటర్‌కి రాత్రి పది దాటాక వెళ్ళి చూడండి. షట్టర్ సగం దించి ఉంటుంది, లోపల యజమాని ఫోన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. "అన్నా, నిన్న చూపించిన పత్రిక పీఎస్‌డీ పంపు, ఫోన్‌పే చేశా." ఆయన హార్డ్ డిస్కులో ఫోల్డర్లన్నీ వెతికి, ఆ పీఎస్‌డీ (పేర్లు మార్చుకోగలిగే ఫోటోషాప్ ఫైలు) దొరికాక గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, లింకు పంపుతాడు. అయిదు నిమిషాల్లో మళ్ళీ ఫోన్: "ఓపెన్ కావడంలా అన్నా."

ఆయన ఇప్పటికే డిజిటల్ సరుకు అమ్ముతున్నాడు. ఆయనకి తెలియని సంగతల్లా ఇందులో తన చేయి అవసరమయ్యేది డిజైను తయారీలోనే, డబ్బులు చూసుకోవడం, ఫైలు పంపడం యంత్రం చేసే పని అన్నదే. సొంత వెబ్‌సైటు అందుకే. అందంగా కనిపించడానికి, విజిటింగ్ కార్డు మీద అచ్చు వేసుకోవడానికి కాదు. కొనేవాడు డబ్బు కట్టిన నిమిషంలో, మీరు నిద్రలో ఉన్నా, ఫైలు అతని చేతిలో పడాలి. కింద చెప్పే ప్రతి పనినీ ఈ ఒక్క కొలతతో చూసుకోండి.

ఏం అమ్మాలి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. "ఆన్‌లైన్‌లో డబ్బు సంపాదించడం ఎలా" అని ఈ-బుక్ రాద్దామనుకుంటారు. దాన్ని ఎవరూ కొనరు, ఎందుకంటే అది ఎవరికీ నిజంగా అవసరం లేదు. మీ చుట్టుపక్కల మనుషులు ఇప్పటికే దేనికోసం తిరుగుతున్నారో చూడండి.

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, విడవలూరు, అటు ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ. ఈ తీరం పొడుగునా రొయ్యల గుంటలే. ప్రతి గుంట గట్టు మీద షెడ్డులో ఒక నోటుబుక్కు ఉంటుంది. పొద్దున వేసిన మేత, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్ళలో దించే పళ్ళెం) మిగిలిన మేత, నీళ్ళ పీహెచ్, ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) నడిచిన గంటలు, కొట్టిన మందులు, అన్నీ అందులోనే రాస్తారు. రాసేవాడు ఒకడు, లెక్క చూసేవాడు ఒకడు. ఆ పుస్తకాన్ని ఎక్సెల్ షీటుగా మార్చారనుకోండి. లక్ష సీడ్ (రొయ్య పిల్లలు) వేశారు. శాంపిల్ పడితే కేజీకి 60 తూగాయి. 80 శాతం బతికాయనుకుంటే 80,000 రొయ్యలు, అంటే సుమారు 1,333 కేజీలు. అప్పటిదాకా వేసిన మేత 1,800 కేజీలు. కేజీ రొయ్యకి 1.35 కేజీల మేత పడిందన్నమాట. ఈ అంకె రైతుకి గడి నింపగానే కనిపించాలి. పక్క గుంటలో అది 1.6 ఉంటే ఎర్రగా వెలగాలి. ఇలాంటి షీటుకి ధర పెట్టొచ్చు, అడగొచ్చు, అమ్మొచ్చు. గుంట గురించి ఏమీ తెలియని బెంగళూరు కుర్రాడు దీన్ని తయారు చేయలేడు. మీ బలం అదే.

లగ్నపత్రిక, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్ డిజైన్లు ఇంకో దారి. ఫ్లెక్సీ డిజైన్లకైతే నెల్లూరులో ఏడాది పొడుగునా గిరాకీ: బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకి, పెంచలకోన ఉత్సవాలకి, వినాయక చవితికి, నాయకుల పుట్టినరోజులకి. ఆల్బమ్ డిజైను చేసే ఫోటో స్టూడియోల వాళ్ళకి పీఎస్‌డీ పేజీలు, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టుకున్న వాళ్ళకి జాకెట్టు డిజైను ఫైళ్ళు, డీఎస్సీకి చదివే పిల్లలకి మీరే సొంతంగా రాసిన నోట్సు, ఇవన్నీ నడుస్తాయి. ఆ సొంతంగా అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కోచింగ్ సెంటర్ మెటీరియల్ స్కాన్ చేసి అమ్మితే అది వ్యాపారం కాదు, కేసు. గూగుల్‌లో దొరికిన దేవుడి బొమ్మ, సినిమా హీరో ఫోటో మీ డిజైనులో పెట్టి అమ్మినా అంతే.

సైటు కంటే ముందు చేత్తో అమ్మండి

ఇది చెప్తే కుర్రాళ్ళకి నచ్చదు. వాళ్ళకి వెంటనే సైటు కట్టేయాలని ఉంటుంది. కానీ వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి, క్యూఆర్ కోడ్ పంపి, ముందు కొంతమందికి చేత్తో అమ్మి చూడండి. తెలిసినవాళ్ళకి ఊరికే ఇవ్వొద్దు. ఊరికే ఇస్తే "బాగుంది తమ్ముడూ" అంటారు, దాంతో మీకు ఏమీ తెలియదు. తొంభై తొమ్మిది రూపాయలన్నా సరే, అడగండి. జేబులోంచి డబ్బు తీసేటప్పుడు మనిషి అడిగే ప్రశ్నలే వేరు. "ఫోన్లో తెరుచుకుంటుందా?" "రెండు గుంటలుంటే రెండు కొనాలా?" "పేరు మార్చుకోవచ్చా?" "తెలుగులో ఉండాదా?" ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రేపు సైటులో వస్తువు పేజీ రాసేటప్పుడు అదే మీ పేజీ, కొత్తగా ఏమీ ఆలోచించక్కర్లేదు.

చేత్తో కూడా ఎవరూ కొనని ఫైలుని సైటులో పెడితే కొంటారని ఆశ పెట్టుకోవద్దు. ఇంకో ఫైలు చూసుకోండి.

ఫైలు తయారీలో జాగ్రత్తలు

షీటు చేసేటప్పుడు మాక్రోల (షీటు లోపల నడిచే చిన్న ప్రోగ్రాముల) జోలికి వెళ్ళకండి. ఫోన్లోని ఎక్సెల్ యాప్‌లో మాక్రోలు నడవవు. కంప్యూటర్లో కూడా ఇంటర్నెట్ నుంచి దించిన ఫైళ్ళలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగా ఆపేస్తోంది. గుంట గట్టు మీద రైతు చేతిలో ఉండేది ఫోనే. మామూలు ఫార్ములాలతో చేసి, అదే షీటు గూగుల్ షీట్స్‌లో కూడా తెరిచి చూడండి. గడులు పెద్దవిగా, నింపాల్సినవి ఒకే రంగులో ఉంచండి. ఎండలో స్క్రీన్ సరిగా కనపడదు.

పత్రిక డిజైన్లకి అసలు తలనొప్పి ఫాంట్లు. మన ప్రెస్సుల్లో తరాలుగా అను ఫాంట్లే. అవి యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, కొనుక్కోవాల్సినవి. మీ పీఎస్‌డీలో అను ఫాంటుతో అక్షరాలుంటే కొన్నవాడి దగ్గర అది లేకపోతే చెత్త గుర్తులు కనిపిస్తాయి, ఫోన్ మీకే వస్తుంది. అలాగని ఫాంటు ఫైలుని జిప్‌లో పెట్టి ఇచ్చేస్తే ఆ హక్కు మీది కాదు. దీనికి తేలిక దారి ఉంది. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు, సూరన్న, తెనాలి రామకృష్ణ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటి లైసెన్సు ప్రకారం పంచుకోవడానికి కూడా అభ్యంతరం లేదు, లైసెన్సు కాగితాన్ని వాటితోనే జతచేస్తే చాలు. వాటితో చేయండి. అను తప్పదంటే పేజీలో పెద్ద అక్షరాలతో "అను ఫాంట్లు మీ దగ్గర ఉండాలి" అని రాయండి. చిన్న అక్షరాలతో అడుగున రాస్తే రాయనట్టే.

జిప్‌లో ఒక పేజీ పీడీఎఫ్ కూడా పెట్టండి: ఎలా తెరవాలి, ఏ వెర్షన్ కావాలి, పేర్లు ఎక్కడ మార్చాలి, ఇబ్బంది వస్తే ఏ నంబరుకి వాట్సాప్ చేయాలి. ఆ ఒక్క పేజీ రాస్తే మీకు వచ్చే ఫోన్లు సగానికి పడిపోతాయి.

పేరు, చోటు, సామాను

డొమైన్ పేరు, అంటే మీ సైటు చిరునామా, చిన్నదిగా ఉండాలి. ఫోన్లో చెప్తే అవతలివాడు తప్పు లేకుండా రాసుకోగలగాలి. రొయ్య అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి అలాంటివి వద్దు. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా పరవాలేదు. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. మొదటి ఏడాది చౌకగా ఇచ్చి రెండో ఏడాది అసలు రేటు వేయడం ఈ వ్యాపారంలో మామూలే. ఒక మాట గట్టిగా చెప్తాను: డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ చేత్తో కొనండి. సైటు కట్టిపెట్టే కుర్రాడి అకౌంట్లో కొనిపించారంటే, అతను రేపు హైదరాబాదు వెళ్ళిపోయి ఫోన్ ఎత్తకపోతే మీ పేరు మీది కాదు.

సైటుకి వర్డ్‌ప్రెస్ (సైటు కట్టే సాఫ్ట్‌వేరు), దాని మీద వూకామర్స్ ప్లగిన్ (సైటుని దుకాణంగా మార్చే అదనపు భాగం) వేసుకోండి. రెండూ ఉచితం. హోస్టింగుకి, అంటే సైటు ఉండే సర్వరు అద్దెకి, మాత్రం డబ్బు కట్టాలి. మొదట్లో మామూలు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరుని చాలా సైట్లు పంచుకునేది) చాలు. షాపిఫై లాంటి రెడీమేడ్ దుకాణాలు తేలికే గానీ నెలనెలా అద్దె కట్టాలి. నెలకి పది ఫైళ్ళు అమ్మేవాడికి అది బరువు. ఊరికే దొరికే క్రాక్ థీములు, క్రాక్ ప్లగిన్లు ముట్టుకోవద్దు. వాటిలో దొంగ కోడు దాచి పంపుతారు. కొన్నాళ్ళకి మీ సైటు తెరిస్తే జూదం ప్రకటనలు కనిపిస్తాయి.

వూకామర్స్‌లో వస్తువు పెట్టేటప్పుడు వర్చువల్, డౌన్‌లోడబుల్ అన్న రెండు గడులూ టిక్ చేయాలి. వర్చువల్ టిక్ చేయకపోతే సైటు దాన్ని పార్సిల్ సరుకు అనుకుని, కొనేవాడిని డెలివరీ చిరునామా అడుగుతుంది. ఫైలు కొనేవాడు దాన్ని చూసి "కొరియర్ వస్తుందేమో" అనుకుని వెనక్కి పోతాడు. రెండూ టిక్ చేస్తే డబ్బు పడగానే ఆర్డరు దానంతట అదే పూర్తయిపోతుంది, మీరు నొక్కాల్సింది ఏమీ ఉండదు. సెట్టింగుల్లో ఫైలు నేరుగా లింకుతో కాకుండా సైటు ద్వారానే దిగేలా ఉంచండి. లేకపోతే అసలు చిరునామా బయటపడి ఎవరైనా ఊరికే దించుకుంటారు.

డౌన్‌లోడ్ ఎన్నిసార్లు అన్న గడిలో చాలామంది ఒకటి అని పెడతారు. అలా పెట్టొద్దు. బస్సులో వెళ్తూ ఫోన్లో నొక్కుతారు, దారిలో నెట్ పోతుంది, మళ్ళీ నొక్కుతారు. అయిదుసార్లు ఇవ్వండి, నెల రోజుల గడువు పెట్టండి. ఇది పిసినారితనం చూపించాల్సిన చోటు కాదు.

చెక్అవుట్ పేజీలో (కొనేవాడు వివరాలిచ్చి డబ్బు కట్టే పేజీ) పేరు, ఫోను, ఈమెయిలు, ఈ మూడూ తప్ప మిగతా గడులన్నీ తీసేయండి. ప్రతి గడికీ ఒకడు జారిపోతాడు.

డబ్బులు తీసుకునే ఏర్పాటు

క్యూఆర్ కోడ్ బొమ్మ సైటులో పెట్టి "కట్టి స్క్రీన్‌షాట్ పంపండి" అంటే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. పైగా దొంగ స్క్రీన్‌షాట్లు తయారు చేసే యాప్‌లు కూడా ఉన్నాయి. పేమెంట్ గేట్‌వే (మీ సైటు తరఫున డబ్బు తీసుకుని మీ ఖాతాకి పంపే సంస్థ) తీసుకోండి. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివి మన దేశంలో బాగా వాడకంలో ఉన్నాయి, వూకామర్స్‌కి వాటి ప్లగిన్లు ఉచితం.

వాళ్ళు అడిగేవి: పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, వ్యాపారం ఉన్నట్టు ఏదో ఒక ఆధారం. ఉద్యం (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైటులో పైసా ఖర్చు లేకుండా అవుతుంది, ముందే చేసుకోండి. డబ్బు తీసుకుని ఉద్యం చేసిపెడతామనే సైట్లు బోలెడు ఉంటాయి, వాటి వంక చూడొద్దు. పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరం, ఇంకోచోట పూర్తి మాట ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

వాళ్ళు మీ సైటుని కూడా తెరిచి చూస్తారు. మమ్మల్ని సంప్రదించండి, షరతులు, ప్రైవసీ, రీఫండ్, డెలివరీ, ఈ పేజీలు లేకపోతే తిప్పి పంపుతారు. డెలివరీ పేజీలో కొరియర్ గురించి ఎక్కడిదో కాపీ చేసి పెట్టకుండా, "డబ్బు అందిన వెంటనే డౌన్‌లోడ్ లింకు తెర మీద కనిపిస్తుంది, ఈమెయిలుకి కూడా వస్తుంది" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. రీఫండ్ పేజీ నిజాయితీగా ఉండాలి. ఫైలు పాడైతే, చెప్పినట్టు లేకపోతే వాపసు; మనసు మారితే కాదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, సంప్రదించే వివరాలు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఒక్కరే నడిపే దుకాణంలో ఆ మనిషి మీరే.

గేట్‌వే ఫీజు సాధారణంగా రెండు శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. 199 రూపాయల షీటు అమ్మితే 3.98 ఫీజు, దాని మీద 72 పైసలు పన్ను, మొత్తం 4.70. మీ ఖాతాకి 194.30 వస్తుంది, అదీ సాధారణంగా రెండు పనిదినాల తర్వాత. శుక్రవారం సాయంత్రం అమ్మినది మంగళవారం కనిపిస్తే కంగారు పడకండి.

ఇక అసలు కిటుకు వెబ్‌హుక్. దీన్ని పెట్టకుండా వదిలేసిన సైట్లే ఎక్కువ. జరిగేది ఇది: కొనేవాడు మీ సైటులో కట్టు అని నొక్కుతాడు, ఫోన్‌పే తెరుచుకుంటుంది, పిన్ కొడతాడు, డబ్బు వెళ్తుంది. ఫోన్‌పేలో పచ్చ టిక్ చూసి "అయిపోయింది" అనుకుని అక్కడి నుంచే బయటికి వచ్చేస్తాడు, లేదా వాట్సాప్ చూస్తాడు. మీ సైటు పేజీకి తిరిగి రాడు. తిరిగి వస్తేనే డబ్బు పడిందని మీ సైటుకి తెలిసేలా ఉంటే, అతను రాలేదు కాబట్టి ఆర్డరు పెండింగులోనే ఉండిపోతుంది. ఇక మీ వాట్సాప్‌లో "డబ్బులు కట్ అయినాయి, ఫైలు రాలా" అని మెసేజ్, కాసేపటికి ఇంకొంచెం ఘాటుగా మరొకటి. వెబ్‌హుక్ అంటే కొనేవాడు తిరిగి వచ్చినా రాకపోయినా, డబ్బు పడిందన్న సంగతి గేట్‌వే తానే మీ సైటుకి నేరుగా చెప్పడం. గేట్‌వే డాష్‌బోర్డులో వెబ్‌హుక్స్ అనే చోట మీ సైటు ఇచ్చిన చిరునామా, రహస్య కోడు పెట్టి, పేమెంటు పూర్తయింది అన్న సంఘటనని ఎంచుకుంటే సరి. పది నిమిషాల పని.

పెట్టాక పరీక్షించండి. టెస్ట్ మోడ్‌తో (నిజం డబ్బు కదలని పద్ధతి) మొదలుపెట్టి, తర్వాత గేట్‌వే ఇచ్చే లైవ్ కీలు (నిజం డబ్బు తీసుకునే కోడ్లు) పెట్టి, సొంత డబ్బుతో నిజంగా కొనండి. పిన్ కొట్టగానే బ్రౌజరుని మూసేయండి. అప్పుడు కూడా ఈమెయిలుకి ఫైలు లింకు వచ్చిందా? వస్తే ఆ పని అయిపోయినట్టే. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ లింకు నొక్కి కూడా ఒకసారి కొనండి. ఇన్‌స్టా లోపలి బ్రౌజరులో కొన్ని ఫోన్లలో యూపీఐ యాప్ తెరుచుకోదు. అలాంటప్పుడు పేజీ పైన "పేమెంటు కాకపోతే మూడు చుక్కలు నొక్కి క్రోమ్‌లో తెరవండి" అని ఒక వాక్యం పెట్టాలి.

ఫైలు చేతిలో పడాలి

మనవాళ్ళలో ఎక్కువమంది ఈమెయిలు చూడరు. ఫోను కొన్నప్పుడు షాపువాడు పెట్టిచ్చిన జీమెయిలు, దాని పాస్‌వర్డు కూడా గుర్తుండదు. చెక్అవుట్‌లో తప్పు ఈమెయిలు కొడతారు. కాబట్టి ఈమెయిలు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. డబ్బు పడ్డాక వచ్చే ధన్యవాదాల పేజీలో డౌన్‌లోడ్ బటన్ పెద్దగా ఉండాలి. దాని కిందే "ఫైలు రాలేదా? ఇక్కడ నొక్కండి" అని మీ వాట్సాప్ బిజినెస్ నంబరుకి లింకు పెట్టి, ఆర్డరు నంబరు మెసేజ్‌లో ముందే నిండి ఉండేలా చేయండి. మీరు మళ్ళీ "ఏ ఆర్డరు? ఎప్పుడు కట్టారు?" అని అడగక్కర్లేదు.

ఈమెయిలు స్పామ్‌లో పడకుండా, హోస్టింగ్ నుంచి నేరుగా పంపకుండా ఒక ఎస్ఎంటీపీ సర్వీసు (ఈమెయిళ్ళు పంపిపెట్టే సంస్థ) ద్వారా పంపండి. డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (ఆ మెయిలు నిజంగా మీ దగ్గర్నించే వచ్చిందని చూపేవి) పెట్టండి. ఏం పెట్టాలో ఆ సర్వీసు వాళ్ళే ఇస్తారు, అతికించడమే.

ఫైలు పెద్దదైతే వేరే కథ. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో అంటే 10,800 బై 3,600 పిక్సెళ్ళు. లేయర్లతో కలిపితే ఒక్కో పీఎస్‌డీ వందల ఎంబీలు అవుతుంది. అలాంటివి ఇరవై కలిపి జిప్ చేసి షేర్డ్ హోస్టింగులో పెడితే నలుగురు ఒకేసారి దించేసరికి సైటు పడకేస్తుంది. ఇలాంటి ఫైళ్ళని క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 లాంటి ఆన్‌లైన్ స్టోరేజీలో ఉంచి, కొన్నవాడికి గడువు తీరిపోయే లింకు ఇచ్చేలా ప్లగిన్‌తో కలపండి. ఆర్2లో పది జీబీ దాకా ఉచితం, దించుకున్నందుకు విడిగా ఛార్జీ ఉండదు. గూగుల్ డ్రైవ్ లింకు పెడదామనిపిస్తుంది, కానీ ఆ లింకు ఒకడి నుంచి ఇంకొకడికి వెళ్ళడానికి ఒక్క ఫార్వర్డ్ చాలు.

దొంగ కాపీల సంగతి

జరుగుతాయి. ఒకడు కొని టెలిగ్రామ్ గ్రూపులో పడేస్తాడు. దీన్ని పూర్తిగా ఆపే తాళం లేదు. ఎక్సెల్ పాస్‌వర్డులు తీసేయడం పదో తరగతి కుర్రాడికి కూడా వచ్చు. పీడీఎఫ్ అయితే కొన్నవాడి పేరు, ఫోను నంబరు ప్రతి పేజీ అడుగున పడేలా చేసే ప్లగిన్లు ఉన్నాయి, అవి పెట్టుకోండి. తన నంబరు ఉన్న నోట్సుని గ్రూపులో వేయడానికి మనిషి వెనకాడతాడు. కాపీరైటు మీరు తయారు చేసిన రోజునే మీకు ఉంటుంది, 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. టెలిగ్రామ్‌కి, గూగుల్ డ్రైవ్‌కి ఫిర్యాదు పంపితే తీసేస్తారు, తయారీ ఫైళ్ళు దగ్గర పెట్టుకోండి. అంతకు మించి దీని మీద కాలం వృథా చేసుకోవద్దు. దొంగకాపీ వాడేవాడు ఎలాగూ కొనేవాడు కాదు. కొనేవాడు కొనేది ఫైలుని మాత్రమే కాదు, రేపు ఇబ్బందొస్తే ఫోన్ ఎత్తే మనిషిని కూడా.

పేజీ రాయడం, ధర, జనం రావడం

చేత్తో అమ్మినప్పుడు రాసుకున్న ప్రశ్నలు తీయండి. వరుసగా జవాబులు రాయండి. ఫోన్లో తీసిన అర నిమిషం వీడియో ఒకటి పెట్టండి: మేత గడిలో అంకె కొట్టగానే పక్క గడి మారడం కనిపించాలి. మాటలు అక్కర్లేదు. పత్రిక డిజైనుకి ముందు-వెనక రెండు బొమ్మలు, వాటర్‌మార్కుతో. నమూనాగా ఒక చిన్న ఫైలు ఉచితంగా ఇవ్వండి. రొయ్యల షీటులో పది రోజులు మాత్రం నింపగలిగేది చాలు.

పేజీలో మాటలు యూనికోడ్ తెలుగులో ఉండాలి. అను ఫాంటుతో చేసిన బొమ్మలో రాసిన తెలుగుని గూగుల్ నమ్మకంగా వెతకలేదు. మనవాళ్ళు వెతికేటప్పుడు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, కాబట్టి పేజీ శీర్షిక తెలుగులో పెట్టి, లింకులోనూ వివరణలోనూ ఆ ఇంగ్లీషు అక్షరాల రూపం కూడా ఉంచండి.

ధర మరీ తక్కువ పెట్టొద్దు. 49 రూపాయలు అని రాస్తే కొనేవాడికి అనుమానమే వస్తుంది. పైగా "ఓపెన్ కావడంలా" అనే ఫోను 49 రూపాయలకి కూడా అంతే సేపు మాట్లాడిస్తుంది. షీటు 199, అయిదు గుంటల షీటు 399, ఇలా రెండు మెట్లు పెట్టండి. పత్రికలైతే ఒక్కొక్కటి విడిగా కంటే పది కలిపిన ప్యాక్‌గా బాగా కదులుతాయి, ఎందుకంటే కొనేది పెళ్ళివాళ్ళు కాదు, ఇంకో ఊరి డీటీపీ సెంటరు.

జనం ఎక్కడినుంచి వస్తారు? ప్రకటనలకి డబ్బు పెట్టే ముందు మనుషులున్న చోటికి వెళ్ళండి. సీడ్ అమ్మేచోట, మేత డీలరు కౌంటరు మీద, క్యూఆర్‌తో చిన్న స్టిక్కరు. డీలరుకి అమ్మిన ప్రతి షీటు మీద కొంత వాటా ఇవ్వండి. వూకామర్స్‌లో ఒక్కో డీలరుకి ఒక్కో కూపన్ కోడు ఇస్తే ఎవరి ద్వారా ఎన్ని అమ్ముడయ్యాయో తెలిసిపోతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, ఒంగోలు కర్నూలు రోడ్డు మీద ఉన్న ప్రెస్సుల వాళ్ళతోనూ ఇలాగే. కొత్త సరుకు ఎప్పుడు పెట్టాలన్నది కూడా చూసుకోండి. లగ్నపత్రికలు మాఘమాసం మొదలయ్యాక కాదు, పుష్యంలోనే సిద్ధంగా ఉండాలి. శ్రావణం డిజైన్లు ఆషాఢంలో. ఆషాఢంలో ప్రెస్సుల వాళ్ళు ఖాళీగా ఉంటారు, కొత్త డిజైన్లు చూసే తీరిక అప్పుడే ఉంటుంది.

పన్ను, లెక్కలు

సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కొనేవాళ్ళు తెలంగాణలోనో కర్ణాటకలోనో ఉన్నా సరే. దాటితే డిజిటల్ సరుకు మీద సాధారణంగా 18 శాతం వేయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లు మీద జీఎస్టీ అని రాసి వసూలు చేయడం మాత్రం నేరం. ఆదాయపు పన్ను సంగతి వేరు, వచ్చిన ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుంది. నెలకోసారి గేట్‌వే సెటిల్‌మెంట్ రిపోర్టు దించి ఒక ఫోల్డర్లో వేసుకోండి, మార్చి తర్వాత ఆడిటర్ అడిగేది అదే. ఇంట్లో ఖర్చుల ఖాతా, ఈ ఖాతా కలపొద్దు.

కార్డుతో కట్టినవాడు బ్యాంకుకి ఫోన్ చేసి "నాకు వస్తువు రాలేదు" అంటే గేట్‌వే మిమ్మల్ని రుజువు అడుగుతుంది. ఏ ఆర్డరు ఫైలు ఎప్పుడు, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి దిగిందో వూకామర్స్ రాసి పెడుతుంది. దాని స్క్రీన్‌షాట్, రీఫండ్ పేజీ లింకు కలిపి గడువులోపల పంపండి. గడువు దాటితే రుజువున్నా డబ్బు పోతుంది.

అమ్మాక

వారానికోసారి సైటు బ్యాకప్ తీసి, హోస్టింగులో కాకుండా ఇంకోచోట దాచండి. ప్లగిన్లు అప్‌డేట్ చేసిన రోజున ఒక ఆర్డరు పెట్టి చూడండి. గేట్‌వే ప్లగిన్ మారినప్పుడే పేమెంట్లు ఆగేది.

షీటులో తప్పు దొరికితే, లేదా మేత కంపెనీలు బస్తా సైజు మారిస్తే, కొత్త వెర్షన్ చేయండి. వూకామర్స్‌లో పాత ఫైలు వరుసను తీసేయకుండా, అదే వరుసలో కొత్త ఫైలుని పెట్టండి, తర్వాత పాత ఆర్డరు లింకు ఒకటి నొక్కి కొత్తది దిగుతోందో లేదో చూసుకోండి. గడువు అయిపోయిన వాళ్ళకి ఆర్డరు పేజీలోంచి గడువు పెంచొచ్చు. అది అయ్యాక కొన్నవాళ్ళందరికీ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్క మెసేజ్: ఏం మారింది, ఎక్కడ దించుకోవాలి. బ్రాడ్‌కాస్ట్ మీ నంబరు సేవ్ చేసుకున్న వాళ్ళకే అందుతుంది, కాబట్టి ధన్యవాదాల పేజీలోనే "మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త వెర్షన్ ఉచితంగా పంపుతాం" అని మొదటి రోజు నుంచే రాసి పెట్టండి.